కాటుకతో రాసిన ఉత్తరం

ఘుమూర్‌కి ఇంటికి వెళ్ళాలని ఉంది. గురువుగారు పంపడం లేదు.

బయటివాళ్ళకి చిన్న సంగతే. ఇరవై రెండేళ్ళ కుర్రాడికి మాత్రం అప్పుడు లోకమంతా అదే.

ఆఫ్రికాలో నైజర్ అని ఒక దేశం ఉంది. దానికి ఉత్తరాన, సహారా ఎడారి మధ్యలో, నల్లటి రాతికొండలు. ఆయిర్ కొండలంటారు. అక్కడ ఒంటెల్నీ మేకల్నీ తోలుకుంటూ, గుడారాలు వెంట మోసుకుంటూ తిరిగే జనం తువారెగ్‌లు. ఒక వింత చెప్పనా? వాళ్ళలో మొహం కప్పుకునేది మగవాళ్ళు, ఆడవాళ్ళు కాదు! నీలిమందు అద్దిన గుడ్డని తలకీ మొహానికీ చుట్టుకుంటారు, కళ్ళు తప్ప ఏమీ కనపడవు. ఆ రంగు చెంపలకి అంటుకుని మనిషే నీలంగా అయిపోతాడు. వాళ్ళు మాట్లాడే భాష తమాజక్.

ఆ కొండల్లో ఒక బావి పక్కన షేక్ హమ్మెదీ అనే ముసలి గురువుగారి బడి ఉండేది. పాతికమంది శిష్యులు. చెక్కపలకల మీద బొగ్గుసిరాతో ఖురాన్ రాసుకోవడం, కంఠతా వచ్చాక బావిదగ్గర పలక కడుక్కుని మళ్ళీ రాసుకోవడం. ఘుమూర్ తొమ్మిదేళ్ళుగా అక్కడే ఉన్నాడు. అందరిలోకీ చురుకైనవాడు. అతని అరబ్బీ దస్తూరీ చూస్తే, ఏమాటకామాటే, ముద్దొచ్చేది.

ఆ ఎండాకాలం వాళ్ళ మేనమామ కబురు పంపాడు. "మన గుడారాల్లో పిల్లలకి పంతులు లేడు. వానలు పడి, అందరం ఉప్పునేలల దగ్గర కలిసేనాటికి నువ్వు వస్తే ఆ పని నీది. రాకపోతే వేరేవాణ్ని పెట్టుకుంటాం. ఇక్కడ ఇద్దరు ముగ్గురు కాచుక్కూర్చున్నారు."

సొంత మనుషుల మధ్య, సొంత బడి! ఘుమూర్‌కి ఆ రాత్రి నిద్ర పట్టిందంటే నేను నమ్మను. తెల్లారగానే గురువుగారి ముందు కూర్చున్నాడు.

"షేక్, నాకు సెలవిప్పించండి. బడి పెట్టుకుంటాను."

షేక్ హమ్మెదీ ఒక పుస్తకం తోలుసంచీకి చిరుగు కుడుతున్నాడు. పుస్తకాల సంచులు ఆయన ఎవరికీ ఇచ్చేవాడు కాదు, తనే కుట్టుకునేవాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"నీకు ఎన్ని లిపులు వచ్చు?"

"రెండు. అరబ్బీ మీ దగ్గర నేర్చుకున్నాను. ఫ్రెంచివాళ్ళ అక్షరాలు పట్నం బడిలో."

"తిఫినాగ్?"

పక్కనున్న శిష్యులు ముసుగుల్లోనే నవ్వుకున్నారు. ఘుమూర్ కూడా నవ్వాడు.

"అదీ ఒక లిపేనా షేక్? ప్రేమలేఖలకీ, ఒంటెలకి వాతలు పెట్టడానికీ పనికొస్తుంది. ఆడవాళ్ళు ఇసకలో ఆడుకునే ఆట."

ఇక్కడ నేను కొంచెం ఆగి ఆ ఆట గురించి చెప్పాలి. తిఫినాగ్ అంటే తువారెగ్‌ల సొంత రాత. మన అక్షరాల్లాగా గుండ్రంగా, మెలికలుగా ఉండదు. గీతలు, చుక్కలు, సున్నాలు, అంతే. ఒక్క నిలువు గీత గీస్తే న. దాని మీద అడ్డగీత పెడితే త. సున్నా చుడితే ర. ఆ సున్నా కడుపులో చుక్క పెడితే స. మనకైతే అది చూడగానే థ గుర్తొస్తుంది! రెండువేల ఏళ్ళ పైమాటే అంటారు ఆ రాత వయసు. ఇన్నేళ్ళూ దాన్ని బతికించింది ఎవరనుకున్నారు? రాజులూ కాదు, పంతుళ్ళూ కాదు. గుడారం నీడలో కూర్చుని, ఇసకని అరచేత్తో చదును చేసి, వేలితో గీసి చూపించిన అమ్మలు. ఫీజు లేదు, పరీక్ష లేదు, బెత్తం అసలే లేదు. నాకైతే ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా చేతులు జోడించాలనిపిస్తుంది.

ఘుమూర్‌కి ఆ అదృష్టం సగంలో తప్పింది. ఆరేళ్ళప్పుడే తండ్రి పట్నం బడిలో వేశాడు. అక్కణ్ణుంచి ఇటే వచ్చాడు.

షేక్ కుట్టు ముగించి, దారం పళ్ళతో కొరికాడు.

"మీ అమ్మ దగ్గర్నుంచి ఒక ఉత్తరం పట్రా. నిన్ను పంపమని ఆవిడ అడిగితే పంపుతాను."

అంతేనా! ఘుమూర్ ఆ పూటే ఒంటె ఎక్కాడు.

మూడు రోజుల ప్రయాణం. వాళ్ళమ్మ పేరు తఖియా. గట్టి మనిషి. గుడారం ఆవిడది, మేకలు ఆవిడవి, మాట కూడా ఆవిడదే. కొడుకుని చూసి మురిసిపోయి, టీ కాచింది. వాళ్ళకి టీ అంటే మూడు వాయిలు. మూడూ తాగకుండా లేస్తే ఊరుకోరు. మొదటి వాయి తాగుతూ ఘుమూర్ సంగతంతా చెప్పాడు.

"నీకెందుకమ్మా శ్రమ. ఉత్తరం నేను రాసేస్తాలే."

"ఏం రాయాలో నన్నడగవా?"

"నాకు తెలుసుగా!"

రెండో వాయి అయ్యేలోగా కాగితం నిండా రాసేశాడు. మహానుభావులైన గురువర్యులకి, జ్ఞానసముద్రులకి, మీ పాదధూళి వంటి ఈ అబల విన్నవించునది ఏమనగా... అలా సాగింది. తఖియా ఆ కాగితాన్ని ఎత్తి చూసింది.

"అందంగా ఉందిరా. చీమలన్నీ పెళ్ళికెళ్తున్నట్టుంది."

ఘుమూర్ బడికి తిరిగిరాగానే షేక్ హమ్మెదీ ఆ ఉత్తరాన్ని శిష్యులందరికీ వినపడేలా చదివాడు. చదివి, దస్తూరీని మెచ్చుకున్నాడు.

"ఇది ఎవరు రాశారు?"

"మా అమ్మ తరఫున నేను రాశాను షేక్."

"మీ అమ్మ ఇలాగే మాట్లాడుతుందా? పాదధూళి, జ్ఞానసముద్రం అంటూ?"

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. ఘుమూర్ ముసుగుని ముక్కు మీదికి లాక్కున్నాడు.

"మీ అమ్మ ఉత్తరం పట్రమ్మన్నాను, నీ ఉత్తరం కాదు."

మళ్ళీ మూడు రోజులు. ఈసారి తఖియా సంగతి విని నవ్వలేదు. టీ ఆకు వచ్చే అట్టపెట్టెని విప్పి, ఒక వైపు చింపి, మోకాలి మీద పెట్టుకుంది. తన కాటుక భరిణె తీసింది. పుల్లకి కాటుక అద్దుకుని, ఏదో ముగ్గు వేస్తున్నట్టు, అట్ట అంచువెంబడి రాయడం మొదలుపెట్టింది. మూల వచ్చాక రాత పక్కకి తిరిగింది, మళ్ళీ మూల వస్తే మళ్ళీ తిరిగింది. మధ్యలో టీ గ్లాసుని అట్ట మూల మీదే పెట్టింది. దాని అడుగు తడి ముద్ర అక్కడ గుండ్రంగా పడింది.

"ఏం రాస్తున్నావమ్మా?"

"నీకు కాదుగా రాసేది! ఆయనకి."

మూడో వాయి టీ అయ్యేసరికి ఉత్తరం అయింది. నిజంగా చిన్నది. తఖియా దాన్ని ఊది ఆరబెట్టి, తాయెత్తులు పెట్టుకునే తోలుసంచీలో దోపి, కొడుకు మెడలో వేసింది.

"జాగ్రత్తరా. కాటుక, వేలు తగిలితే చెదిరిపోతుంది."

షేక్ హమ్మెదీ ఆ అట్టముక్క తీసుకున్నాడు. ఎండకి ఎత్తిపట్టి చూశాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. కళ్ళు నులుముకున్నాడు.

"ఆనడం లేదు నాయనా. ముసలికళ్ళు. నువ్వే చదివి వినిపించు."

"షేక్... నాకు ఇది రాదు."

"అలాగా. వచ్చినప్పుడే చదువు."

అట్టముక్క వెనక్కి ఇచ్చేశాడు. సూదీ దారం కూడా అందించాడు.

"ఇది కాస్త ఎక్కించి పెట్టు. కళ్ళు పోయాక సూది బెజ్జం కూడా కనపడ్డం లేదు."

ఘుమూర్ దారం ఎక్కించి ఇచ్చాడు. ఆ రోజునుంచి రోజూ పొద్దున్నే ఆ పని అతనిదైంది. పాపం, షేక్ గారికి చూపు పోయిందని బడంతా బెంగపడింది.

వానలకి ఇంక నెల కూడా లేదు. మన పండితుడు మూడు రోజులు అట్టముక్క పట్టుకుని ఒక్కడే కుస్తీ పట్టాడు. ఒక్క గీత కూడా లొంగలేదు. నాలుగో రోజు ముసుగు సర్దుకుని, బడికి దగ్గర్లోనే ఉన్న ఫన్నా గుడారానికి వెళ్ళాడు.

ఫన్నా కమ్మరి ఆలమూక్ భార్య. వాళ్ళలో కమ్మరి ఇంటివాళ్ళకి నోటికి అడ్డు ఉండదు, ఎవర్నైనా ఎంత మాటైనా అనొచ్చు, అదో ఆచారం. తోలుకి రంగులు వేయడం ఆవిడ పని. ఖాళీ దొరికితే చుట్టుపక్కల పిల్లల్ని పోగేసి ఇసకలో అక్షరాలు దిద్దించేది. ఘుమూర్ వెళ్ళేసరికి మోచేతుల దాకా ఎర్రరంగులో ఉంది.

"ఒసేయ్ పిల్లలూ, లేవండే! పెద్ద పండితులు వచ్చారు. ఇసక చదును చెయ్యండి, పట్టుబట్టలు మాసిపోతాయి!"

"ఫన్నక్కా, నవ్వులాట కాదు. ఇది ఒక్కసారి చదివి పెట్టు. నేను విని, గుర్తుపెట్టుకుని షేక్‌కి చెప్పేస్తాను."

ఫన్నా చేతులు తుడుచుకుని, అట్టని రెండు వేళ్ళతో అంచున పట్టుకుంది. అట్టని గిర్రున తిప్పుతూ, పెదాలు కదుపుతూ చదివేసింది. ఒక గుక్క నీళ్ళు తాగినంతసేపు. తర్వాత నవ్వింది చూడండి, గుడారం గుంజలు కదిలిపోయాయి.

"ఏముంది? ఏముంది అందులో?"

"ఇది నేను చదవకూడదు."

"ఇప్పుడే చదివావుగా!"

"నీకు చదివి చెప్పకూడదంటున్నా."

"మా అమ్మ నన్ను తిట్టిందా?"

"తిట్టుంటే ఆనందంగా చదివేసేదాన్ని కదా! కూర్చో. అదిగో, ఆ చిన్నదాని పక్కన చోటుంది."

ఆ చిన్నదానికి ఆరేళ్ళుంటాయి. అతన్ని కిందనుంచి పైకి చూసి, జరిగి చోటిచ్చింది.

మొదటి రోజు ఘుమూర్ పరువంతా ఇసకలో కలిసింది. అరబ్బీ కుడినుంచి ఎడమకి, ఫ్రెంచి ఎడమనుంచి కుడికి. ఇదేమో పైకి పోతుంది, కిందకి పోతుంది, పాములా చుట్టుకుంటుంది.

"ఎటునుంచి చదవాలక్కా?"

"రాసినవాళ్ళు ఎటు కూర్చున్నారో అటునుంచి."

"మరి నాకెలా తెలుస్తుంది?"

"రాసినవాళ్ళు తెలిస్తే తెలుస్తుంది."

రెండో రోజు ఇంకో గొడవ.

"ఇందులో అచ్చులేవి? అన్నీ ఎముకలే ఉన్నాయి, కండ లేదు!"

"కండ నీ నోట్లో లేదూ? పైకి చదువు. నీ గొంతు పోస్తేనే అది మాటవుతుంది. కళ్ళతో చదివేది కాదిది."

అతను పైకి చదివాడు. తప్పు చదివాడు. ఆరేళ్ళ పిల్ల పడీపడీ నవ్వింది. నవ్వి, అతని వేలు పట్టుకుని సరిగ్గా దిద్దించింది.

నేను మెచ్చుకునేది ఇక్కడే. ఆ రాత పరాయివాడికి తలుపు తియ్యదు. ఆ భాష నోట్లో ఉన్నవాడికి మాత్రం, గీత గీతకీ మాట దానంతటదే ఊడిపడుతుంది. ఘుమూర్‌కి అలా ఊడిపడడం మొదలైంది. మేక. నీళ్ళు. గుడారం. చిన్నప్పుడు విని, అరబ్బీ పాఠాల కింద ఎక్కడో పడిపోయిన మాటలు.

"వాక్యం మొదలు ఎప్పుడూ ఒకటే," అంది ఫన్నా ఒకరోజు. "ఇది నేను, ఫలానాని, అంటున్నాను. బండ మీదైనా అంతే, చేతి కడియం మీదైనా అంతే. ఎవరి గుడారానికైనా వెళ్ళినప్పుడు బయట నిలబడి ముందు గొంతు వినిపించమా? అలాగే."

పన్నెండో రోజో పదమూడో రోజో పొద్దున్నే ఘుమూర్ బావిదగ్గర పలక కడుక్కుంటున్నాడు. తొమ్మిదేళ్ళుగా రోజూ అదే చోటు. పలక ఆనించుకునేది కూడా అదే నల్లబండకి. నీళ్ళు జారి బండ తడిసింది. తడిసినచోట గీతలు తేలాయి.

అవి అక్కడ ఎప్పుడూ ఉన్నవే. ఎన్నిసార్లు వాటికి వీపు గీరుకున్నాడో.

పలక పక్కన పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, వేలితో ఒక్కొక్కటే తడుముతూ పైకి చదివాడు.

"ఇది నేను, లల్లాని, అంటున్నాను: ఈ నీళ్ళు తియ్యన."

ఎవరా లల్లా? ఎప్పటి మనిషి? వందేళ్ళ కిందటిదో, ఇంకా ముందుదో. ఎక్కణ్ణుంచో నడిచి వచ్చి, దాహం తీర్చుకుని, వెనకాల వచ్చేవాళ్ళకి ఒక మాట చెప్పి వెళ్ళింది. తొమ్మిదేళ్ళుగా ఆవిడ చెబుతూనే ఉంది.

ఘుమూర్ దోసిలితో నీళ్ళు తాగాడు. తియ్యగానే ఉన్నాయి.

అప్పుడు మెడలో తోలుసంచీ విప్పి అట్టముక్క తీశాడు. నాలుగువైపులా గీతలు. మొదలెక్కడ? కళ్ళు మూసుకుని అమ్మని తలుచుకున్నాడు. మోకాలి మీద అట్ట. కుడిచేతి పక్కన టీ గ్లాసు. కళ్ళు తెరిచి, గ్లాసు ముద్ర ఉన్న మూలని తన కుడివైపుకి తిప్పుకున్నాడు. అమ్మ కూర్చున్నట్టే కూర్చున్నాడు. వేలు పెట్టాడు.

ఇది నేను, తఖియాని...

అక్కడ ఆగిపోయాడు. అమ్మ గుడారం బయట నిలబడి పిలిచినట్టే ఉంది, అదే గొంతు, కొంచెం బొంగురుగా. తర్వాతి మాట చదవబోయి మానుకున్నాడు. ఉత్తరం తనకి కాదుగా, ఆయనకి.

తూర్పున, ఎక్కడో దూరంగా, ఆ ఏటి మొదటి మబ్బు కనపడింది. ఘుమూర్ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు.

షేక్ హమ్మెదీ గుడిసె ముందు నీడలో ఉన్నాడు. ఒళ్ళో ఒక తోలుసంచీ, పక్కన సూదీ దారం. రోజూలాగే దారం ఎక్కించేవాడి కోసం చూస్తున్నట్టున్నాడు.

"షేక్, చదవనా?"

"చదువు."

శిష్యులు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ నిలబడ్డారు. రంగుచేతులతో ఫన్నా కూడా వచ్చి, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని నిలబడింది. ఘుమూర్ ముసుగుని నోటిమీదనుంచి కిందికి లాగాడు. గురువు ముందు, నలుగురి ముందు, వాళ్ళలో ఎవరూ అలా చెయ్యరు. మాట స్పష్టంగా వినపడాలనుకున్నాడో ఏమో. అట్టని మెల్లగా తిప్పుతూ, తడుముకుంటూ చదివాడు.

"ఇది నేను, తఖియాని, అంటున్నాను. హమ్మెదీ, నీకు సలాం. ఇది నీకు చదివి వినిపిస్తున్నది..."

అట్ట మూల వచ్చింది. పక్కకి తిప్పి, మళ్ళీ ఎత్తుకున్నాడు.

"ఇది నీకు చదివి వినిపిస్తున్నది నా కొడుకే అయితే, వాణ్ని ఇంటికి పంపు. వేరెవరైనా అయితే, ఇంకొంత కాలం నీ దగ్గరే ఉంచుకో."

ఫన్నా మొహం పక్కకి తిప్పుకుంది. నవ్వుతోందో, ఇంకేమైనానో తెలియదు.

ఘుమూర్ అట్టముక్కని అలాగే పట్టుకుని నిలబడ్డాడు. రోజూ చేసే పని గుర్తొచ్చి, సూది కోసం చెయ్యి చాచాడు.

షేక్ హమ్మెదీ సూది ఇవ్వలేదు. దారం కొసని పెదాలతో తడి చేసి, సూదిని వెలుగుకి ఎత్తిపట్టి, ఒక్కసారికే బెజ్జంలోకి ఎక్కించాడు.

కుట్టు మొదలుపెట్టి, తల ఎత్తకుండానే అడిగాడు.

"ఒంటెకి నీళ్ళు పట్టావా?"